ఆగనంటే ఆగని ఇంజను

మెకానికల్ చదివినవాణ్ణీ, సివిల్ చదివినవాణ్ణీ, ఆఖరికి వ్యవసాయం చదివినవాణ్ణీ కూడా కంప్యూటరు ముందు కూర్చోబెట్టి జీతమిచ్చిన రోజులవి. నేను చదివింది ఇంజన్లు. చేసేది సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఓ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. (నా తప్పులు వెతకడానికి ఇంకొకడుండేవాడు. వాడిదీ మెకానికలే.) కుర్చీలో కుదురుండేది కాదు. చేతికి గ్రీజు అంటని బతుకూ ఒక బతుకేనా అని లిఫ్టులో కూడా అనుకునేవాణ్ణి.

నేనుండే యీషున్‌లో మా పై అంతస్తు అంకుల్‌కి క్రాంజీ వైపు పాత కార్లు బాగుచేసే షెడ్డుండేది. తాతల నాడే వచ్చి స్థిరపడిన కుటుంబం; ఆయన తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలిసిపోయి ఉండేవి. ఆయన సొంత కారు ఆయనకంటే వయసులో పెద్దది. ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. ఒక వరసకి నిప్పురవ్వ బ్యాటరీ నుంచి, రెండో వరసకి మాగ్నెటో నుంచి. (ఇంజను తిరుగుతుంటే తన కరెంటు తానే పుట్టించుకునేది మాగ్నెటో.) ఒకటి మొరాయించినా రెండోది ఇల్లు చేరుస్తుందని ఆ కాలపు వాళ్ళ ముందుజాగ్రత్త. రెంటినీ నడిపే స్విచ్చుల పెట్టె తుప్పుపట్టి పోయింది. కొత్తది డిజైన్ చేసి పెట్టు, పనిచేస్తే షెడ్డులో నాతోపాటు చేరిపో అన్నారు అంకుల్.

పెట్టె తయారైంది; బిగించి చూడ్డానికి ఆదివారం ముహూర్తం. నాకు అంత ఓపికేదీ? శుక్రవారం సాయంత్రమే మేనేజరుకు రాజీనామా మెయిల్ కొట్టేశాను.

ఆదివారం సెలవని పక్క డార్మిటరీ నుంచి మన కూలీలు పదిమంది దాకా చూడ్డానికొచ్చారు. రెండు స్విచ్చులూ పైకెత్తాను. అంకుల్ హ్యాండిల్ తిప్పారు. రెండోసారి తిప్పగానే ఇంజను అందుకుంది. చప్పట్లు. ఆ క్షణంలో నా ఛాతీ కొలిస్తే టేపు చాలేది కాదు. ఇక దర్జాగా రెండు స్విచ్చులూ కిందికి దించాను. ఇంజను నడుస్తూనే ఉంది. మళ్ళీ ఎత్తాను, నడిచింది. దించాను, నడిచింది.

"బందు పెట్టినవ్ గదన్నా, మల్లెందుకు ఉరుకుతుంది?" అన్నాడు షిప్‌యార్డులో పనిచేసే కరీంనగర్ తమ్ముడు.

రేకులు అదురుతున్నాయి, పొగ కమ్ముతోంది, నేను కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతున్నాను. చివరికి ఆ తమ్ముడే వంగి పెట్రోలు కుళాయి కట్టేశాడు. లోపల మిగిలిన చుక్కలు అయిపోయేదాకా అందరం ఇంజను చుట్టూ తలలు వంచి నిలబడ్డాం. శవయాత్రలో కూడా అంత బరువైన నిమిషం చూడలేదు.

అంకుల్ పెట్టె విప్పి చూసి తల పట్టుకున్నారు. బ్యాటరీని ఆపాలంటే తీగ తెంపాలి. మాగ్నెటోను ఆపాలంటే తీగని ఇంజను ఒంటికి కలపాలి. కంప్యూటర్ల బుద్ధితో నేను రెంటికీ ఒకటే లెక్క వేశాను: ఎత్తితే తీగ కలుస్తుంది, దించితే తెగుతుంది. ఎత్తినప్పుడు బ్యాటరీ, దించినప్పుడు మాగ్నెటో నడిపాయన్నమాట. మాగ్నెటో స్విచ్చు ఒక్కటే పైకెత్తి ఉంటే ఎప్పుడో ఆగిపోయేది.

"స్టార్ట్ చేయడం ఎవరైనా చేస్తారు తంబీ," అన్నారు అంకుల్ చేతులు తుడుచుకుంటూ. "ఆఫీసులో ఏమీ చెప్పలేదు కదా?"

లేదన్నాను. మంచిపని చేశావన్నారు.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళి, మేనేజరు (నెల్లూరాయన, మాట పొదుపు) రాగానే ఆ మెయిల్ పొరపాటున వచ్చిందని చెప్పాను. ఏ మెయిల్ అన్నాడు. అప్పటిదాకా తెరవనే లేదు. నేను చెప్పాక తీరిగ్గా తెరిచి రెండుసార్లు చదివాడు. తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"నేనూ ప్రతి శుక్రవారం ఒకటి రాసుకుంటానయ్యా. పంపిందైతే నువ్వొక్కడివే."

మెయిల్ తీసేశాడు. ఇన్నేళ్ళకి ఆయన కుర్చీలో నేనున్నాను. ఆదివారం దాకా ఆగలేకపోయిన ఆ కుర్రాడు ఇప్పుడు నా ముందుకొస్తే ఉద్యోగమిస్తానో లేదో చెప్పలేను గానీ, కాఫీకి మాత్రం తీసుకెళ్తాను. వాడు మాట్లాడుతుంటే వినాలనుంది.