చాటలో మూడు కుప్పలు

హోసూరు మంచు పొద్దుల్లో భర్త జగన్నాథ్ రేడియో పెడితే, తమ అంగడిలో నేలమీద పడ్డవి చిమ్మి తెచ్చిన పెసలూ అలసందలూ వేరుచేస్తూ వాసవాంబ వినేది. ఆయన పోయాక రేడియో కూడా ఆమే పెడుతోంది. వార్తలు విడమరిచి చెప్పే ఆయన గొంతు మాత్రం రోజురోజుకూ చెవిలోంచి జారిపోతోందని ఆమె దిగులు. ఆవేళ అమెరికా ప్రెసిడెంటు ఎన్నికల మాట వచ్చింది.

"ఆడ ఓట్లు ఎక్కువొచ్చినోడు కూడా ఓడిపోవచ్చని జగన్నాథన్న అంటా ఉండె. అదెట్లక్కా?" అంది గడపలో కూర్చున్న పక్కింటి మనోరమ.

ఆయన ఎట్లా చెప్పాడో వాసవాంబకు గుర్తు రాలేదు. వేళ్లు మాత్రం కలలోలా కదిలి చాటలో గింజల్ని మూడు కుప్పలు చేశాయి. రెండింటిలో పెసలు కాస్త ఎక్కువ, మూడోదాంట్లో అలసందలు బోలెడు.

"ఒక్కో కుప్పా ఒక్కో రాష్ట్రం, గింజలు ఓట్లు. ఎవరివి ఎక్కువైతే కుప్పంతా వాళ్లదే. మొత్తంలో అలసందలే ఎక్కువున్నా, రెండు కుప్పలు గెలిచి పెసలు గద్దెక్కినాయి. అదే ఎలక్టోరల్ కాలేజీ, తెలిసెనా పిచ్చిదానా!" అంది వాసవాంబ.

"అక్కా, అచ్చం అన్న మాటే!" అంది మనోరమ.

వాసవాంబ చెవిలో ఆ గొంతు నవ్వుతో సహా ఇంకా మోగుతోంది. ఆమె గింజలు ఏరలేదు. కుప్పలు చెదరకుండా చాటను అట్లాగే కిటికీ ఎండలో వదిలేసింది.