ఛిమెత్ అడిగి తీసుకున్న ఆఖరి వంతు

చాంగ్‌థాంగ్ మంచు పీఠభూమిలో పుట్టి అరవై ఎనిమిది చలికాలాలు దాటిన ఛిమెత్‌కు కోపం కొత్త కాదు. మొగుడు పోయిన మూడో రోజే మందను తోలుకుని కొండెక్కిన మనిషి. బడి ముఖం చూడలేదు గానీ, నూట నలభై మేకల్లో ఏది ఏ తల్లికి పుట్టిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చెట్టన్నది మొలవని ఈ నేలకు అభయారణ్యమని బోర్డు పాతినప్పుడు, "అరణ్యం ఎక్కడుందో వాళ్లనే వెతుక్కోనీ" అని ఊరుకుంది. నల్లమెడ కొంగల జోలికీ, అడవి గాడిదల జోలికీ ఆమె ఏనాడూ పోలేదు. బోర్డుతో ఆమెకేం పేచీ?

పేచీ అంతా ఒక్క బీడు దగ్గరే. ఉప్పు సరస్సుకు ఎగువన, ఊటనీటితో తడిసి ఉండే గడ్డి నేల అది. వేసవంతా అందులో ఎవరూ పశువుల్ని మేపరు. చలి ముదిరి మేకలు ఈనే రోజులకు చుట్టూ కొండల మీద ముళ్ల పొదలు తప్ప ఏమీ మిగలవు. అప్పుడు ఆ గడ్డే దిక్కు. బీడు చుట్టూ మూడేసి రాళ్లు పేర్చి ఉంటాయి, లోపలికి రావద్దని. ఎవరి పశువు దాటితే ఆ ఇంటికి చలికాలంలో ఆఖరి వంతు. మిగతావాళ్ల వంతులు ఊరి పెద్ద గోబా పాచికలు వేసి తేలుస్తాడు. ఆఖరి వంతంటే వేర్లు నాకడమే.

రెండేళ్ల కింద పక్క గుడారం కుంజెస్ వాళ్ల జడల ఎద్దు, యాక్, తాడు తెంపుకుని అందులో పడింది. తెల్లారకముందు ఒక్క పూట. ఛిమెత్ పంచాయితీలో లేచి నిలబడి మరీ ఆ ఇంటికి ఆఖరి వంతు వేయించింది.

ఈ వేసవిలో ఒక పొద్దున పాలు పితికి వస్తూ చూసేసరికి రాళ్ల మధ్య నుంచి చక్రాలు కోసిన రెండు గాట్లు. తోలు ఒలిచినట్టు గడ్డి లేచిపోయి, కింద నల్లటి బురద. దూరాన అడవి గాడిదల గుంపు డొక్కలెగరేస్తూ నిలబడి ఉంది. బీడు మధ్యలో జీపు, అందులో కెమెరాలతో ఇద్దరు. తోలుతున్నది ఆమె కొడుకు తుందుప్.

"దారనుకున్నాను అమా లే" అన్నాడు దిగి, అమ్మను వాళ్ల మర్యాదలో పిలుస్తూ. "రాళ్లు పేర్చి ఉన్నాయి కదా."

"మీ తాత పేర్చిన రాళ్లురా అవి. అడుగు పెట్టొద్దని పేర్చాడు."

"కనుమల మీద రాళ్లు పేరిస్తే దారనేగా అర్థం. వీళ్లేమో గాడిదలు పరిగెత్తుతుంటే ఫోటో కావాలన్నారు."

"పరిగెత్తించావా?"

"కొంచెం."

"మొన్న ఈనినవి ఉన్నాయి అందులో. ఎంత కొంచెమో వాటి పిల్లల్ని అడుగు."

ఏమంటోందని జీపులోవాళ్లు అడిగారు. టీ తాగి వెళ్లమంటోందని తుందుప్ హిందీలో చెప్పాడు. ఆ మాత్రం హిందీ ఆమెకూ వచ్చు. "టీ కాదు. దిగి నడవమంటున్నా" అంది వాళ్ల భాషలోనే. ఇద్దరూ బూట్లు చేత పట్టుకుని బురదలో నడిచారు.

ఎనిమిదో ఏట కొడుకును లేహ్ పట్నంలో హాస్టల్‌కు పంపింది తనే. అక్షరాలు వచ్చాయి, రాళ్లు చదవడం రాలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక సాయంత్రం దాకా వెన్న చిలికింది.

గోబా గుడారంలో అందరూ కూడారు. గోబా మెత్తటి మనిషి, ఛిమెత్‌ను అవ్వ వరసలో పిలుస్తాడు. "కట్టుబాటు గిట్టలకే అబీ లే. చక్రాల సంగతి పెద్దలేమీ చెప్పలేదు. ఈసారికి వదిలేద్దాం" అన్నాడు.

"నా యాక్‌కూ చక్రాలుంటే బాగుండేది" అంది కుంజెస్, టీ గిన్నె మీద నుంచి కళ్లెత్తకుండా.

ఎవరో నవ్వారు. ఛిమెత్ నవ్వలేదు.

"అను కుంజెస్, ఇంకా అను. ఆ రోజు నీ మీద లేచింది నేనే, ఇవాళ నా మీద లేచేదీ నేనే. గిట్ట దిగిన చోట వచ్చే ఏటికి గడ్డి కప్పుకుంటుంది. చక్రం కోసిన చోట వీడికి జుట్టు నెరిసినా కప్పుకోదు. గోబా, నా పేరు మీద పాచికలు వేయకు. ఆఖరి వంతు నాది."

"అమా లే, నలభై మేకలు ఈనాలి" అన్నాడు తుందుప్ గొంతు తగ్గించి.

"ఇప్పుడు గుర్తొచ్చాయా? జీపు ఎవడికైనా అప్పజెప్పు. ఈ చలికాలం మంద వెనక నడిచేది నువ్వే."

గోబా ఇంకోసారి చెప్పి చూశాడు. ఆమె లేచి వెళ్లిపోయింది.

చలికాలం వచ్చింది, ఆఖరి వంతూ వచ్చింది. అప్పటికి బీడు గీకిన పళ్లెంలా ఉంది. తల్లుల పొదుగులు ఎండాయి. పదకొండు పిల్లలు పోయాయి. కుంజెస్ రెండుసార్లు బార్లీ పొట్టు పంపితే ఛిమెత్ తీసుకుంది, థాంక్స్ చెప్పలేదు. పోయిన పిల్లల్ని మాత్రం ఒక్కదాన్నీ తను ముట్టలేదు. ప్రతిదాన్నీ కొడుకు చేతే ఎత్తించి, కొండవార దాకా మోయించింది. పదకొండోదాన్ని ఎత్తుకున్నప్పుడు వాడు ఏడ్చాడు.

"బరువుగా ఉందా?" అంది.

"లేదమ్మా. అసలు బరువే లేదు."

"తల్లికి గడ్డి లేకపోతే పిల్లకు బరువెక్కడిది? అదీ నేను చెప్పేది" అని, మిగిలిన మందను కొండ వైపు మళ్లించింది.