మొదటి భాగం చదవని కథ

పోయిన వారం మా అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఆమె వడికిన సన్నటి నూలు గురించి మాట్లాడారు. నాకు మాత్రం ఆమె అనుమానాలే గుర్తొస్తున్నాయి.

మా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతాం. అమ్మేవాడు ఎంత చెప్పినా, ఆ ఎముక పళ్ళ మీద బొటనవేలు రాసి చూసుకుంటేగాని ఆమె కొనేది కాదు. పాలవాడు నవ్వితే గిన్నెలోకి తొంగిచూసేది.

చూపు మందగించాక, మధ్యాహ్నాలు ఆమె రాట్నం తిప్పుతుంటే నేను పుస్తకం చదివి వినిపించేదాన్ని. ఈ చలికాలం లైబ్రరీలో పెద్దపిల్లల మాయల నవల దొరికింది. తీరా చూస్తే రెండో భాగం. మొదటిది ఎవరో పట్టుకెళ్ళారట. ఇంటి పద్దయినా కథయినా వరస తప్పితే నాకు నచ్చదు. తిరిగిచ్చేస్తానన్నాను.

"సదవే. మొదలు తెలకపోతే ఏటి? కనిపెట్టి ఉంటే సరి."

కథలో, పొగమంచు దీవికి పారిపోతున్న ఒక అమ్మాయిని పడవవాడు డబ్బు పుచ్చుకోకుండా ఎక్కించుకుంటాడు. రాట్నం ఆగింది.

"ఊరికే ఎక్కించుకున్నాడా? ఆడు అమ్మేస్తాడే దాన్ని!"

"మంచివాడేమో అత్తయ్యా."

"మొదటి బాగంలో ఏటి సేసేడో నువ్వు సూసేవా?"

అప్పట్నుంచి వాడు రొట్టె పెడితే విషమంది, పాట పాడితే ఎవరికో సైగ అంది. నేను మధ్యలో ఆగి దగ్గితే "పేజీ దాటేసేవేటి?" అంది.

ఉక్రోషం వచ్చింది. "కోడలిగా వచ్చిన కొత్తలో నన్నూ ఇలాగే చూశావా?"

"మరి? నీ మొదటి బాగం నాను సదివేనేటి? నూనె సీసా మీద గీత గీసుకునీదాన్ని. ఓ రోజు సూస్తే నా గీత పక్కన నీ గీత ఉన్నాది. ఇంక మానేసేను."

ఇద్దరం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాం.

చివరి అధ్యాయం మిగిలుండగా ఆమె మంచం పట్టింది. దువ్విన పత్తి కాస్త పేజీలో గుర్తుగా పెట్టించి, "నాను లేకుండా సదివేస్తావేమో, నాకు తెలిసిపోతాది," అంది. పడవవాడి సంగతి తేలకుండానే వెళ్ళిపోయింది.

నిన్న ఆమె రాట్నం ముందు కూర్చుని గట్టిగా చదివాను, ఒక్క పేజీ దాటకుండా. పడవవాడు మోసం చెయ్యలేదు. అమ్మాయిని ఒడ్డు చేర్చి, పడవలో లాంతరు ఆర్పేసి, పొగమంచులోకి తిరిగి వెళ్ళిపోయాడు.

"చూశావా అత్తయ్యా," అన్నాను.

పుస్తకం మూసి, ఆ పత్తిని వేళ్ళ మధ్య నలిపాను. మళ్ళీ తెరిచి ఆఖరి వాక్యం చదివాను.

లాంతరు ఎందుకు ఆర్పినట్టు?