చివరి వరుస సాంచలు

మొన్న జగిత్యాలలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, పల్సర్ల మీద పరిశోధన చేస్తున్న మనవరాలు తన ల్యాప్‌టాప్‌లో చుక్కల పటాలు కొన్ని చూపించింది. పల్సర్లు ఆయువు తీరిన నక్షత్రాల అవశేషాలట. గిరగిర తిరుగుతూ గడియారంలా వేళ తప్పకుండా రేడియో స్పందనలు పంపుతాయట. గురుత్వ తరంగం సాగిపోతే నడుమనున్న దూరమే రవ్వంత సాగి, ముడుచుకుని, ఆ స్పందనలు ముందూ వెనకా అవుతాయట. ఆకాశం నలువైపులా ఉన్న పల్సర్లను ఏళ్ల తరబడి కలిపి చూస్తేనే తరంగం జాడ దొరుకుతుందని చెప్పి, "ఒక్కదాన్నే జూస్తే తప్పెవరిదో తెలువది తాతా" అన్నది.

అంకెలను తప్ప మరొకదాన్ని నమ్మని నాకు, ఆ మాటతో సిరిసిల్లలో నేను రాసిన పుస్తకం కళ్లముందుకొచ్చింది.

మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. తాను పనిచేసే షెడ్డులోనే మా మేనమామ నన్ను రాతపనికి కుదిర్చాడు. ఒక్కో సాంచ దగ్గర నిలబడి, చేతిగడియారం చూస్తూ, నిమిషానికి పేక నూలును మోసే నాడె ఎన్నిసార్లు అటూ ఇటూ పోయిందో తేదీతో సహా రాయాలి. తలుపు దగ్గర మొదలుపెట్టి వరుసగా వెళ్లేవాణ్ణి. చివరి వరుసలోని మామ సాంచలను చేరేసరికి మధ్యాహ్నం దాటేది. రోజూ అవే వెనకబడినట్టు తేలేది.

"నా సాంచలు నీకేమన్న పగోళ్లా అల్లుడా?" అని మామ నవ్వాడు.

"గడియారం అబద్ధం జెప్పదు మామా" అన్నాను.

"జెప్పదు, నిజమే. మరి నా కాడికి ఎప్పుడూ ఎండ తిరిగినంకనే ఎందుకస్తవ్?"

నేను పక్క సాంచకు జరిగి అంకె రాసుకున్నాను. యజమాని అడిగిననాడు పుస్తకం తెరిచి ముందు పెట్టాను. మామను పనిలోంచి తీసేశారు. కోరుట్లకు వెళ్లి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. తోబుట్టువైన మా అమ్మ గడప మళ్లీ తొక్కలేదు.

కొన్నాళ్లకు తలుపు దగ్గర నూలు బస్తాలు అడ్డం పడి, ఆ రోజు చివరి వరుస నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. మధ్యాహ్నానికి తలుపు పక్క సాంచలు వెనకబడ్డాయి. ఆ వేళకు పొలాల మోటర్లన్నీ నడిచి, కరెంటు తగ్గి, షెడ్డంతా నెమ్మదించేదన్నమాట. చెబితే పుస్తకమంతా తప్పవుతుంది. ఆ పుస్తకమే నా కొలువు. చెప్పలేదు, కొలువూ మానలేదు. అప్పటినుంచి రోజుకో వైపు నుంచి మొదలుపెడుతూ, ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని బెదురుతూ, జుట్టు నెరిసేదాకా ఆ షెడ్డులోనే ఉండిపోయాను. రెండుసార్లు కోరుట్ల వెళ్లి, బస్టాండులోనే కూర్చుని తిరిగి వచ్చాను. మామ కాలం చేశాడు.

మనవరాలి పటంలో ప్రతి చుక్కకూ పైనా కిందా సన్నని గీత ఉంది. తమ కొలతలో తప్పు ఇంతవరకు ఉండవచ్చని ఆ పరిశోధన చేసే పిల్లలే గీసి, లోకమంతటికీ చూపిస్తారట, ఎవరి కొలువూ పోదట. మా కాలపు పుస్తకాలలో ఆ గీతకు చోటుండి ఉంటే, నేను బస్టాండు దాటి మామ ఇంటిదాకా నడిచేవాణ్ణేమో.