తృప్తి చెందినట్టు వేలిముద్ర

లంచం ముట్టలేదు కాబట్టి మంచివాణ్ణేనని చాలా ఏళ్లు అనుకుంటూ తిరిగాను. నా మొహం. పైసా ముట్టకుండా కూడా ఒక మనిషిని నిలువునా ముంచొచ్చని, ముంచి వాళ్లచేతే దండం పెట్టించుకోవచ్చని తెలియడానికి నాకు పదకొండేళ్ల ఉద్యోగం పట్టింది.

రాయపూర్‌లో ధమ్తరీ బస్సెక్కితే గంటలోపు వచ్చే చిన్న ఊరది. పేరు చెప్పను, ఆ ఊరి తప్పేమీ లేదు. పదిహేను వార్డులు, ఒక బజారు, నాలుగు బియ్యం మిల్లులు, ఒక నగర పంచాయతీ ఆఫీసు. ఆ ఆఫీసులో నేను గుమాస్తాని. రాయపూర్‌లో తెలీబంధా పేట వెనక సందులో అద్దె ఇంటి నుంచి పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కేవాణ్ణి. పదిన్నరకి కుర్చీలో కూర్చునేసరికి ఎదురుగా జనం ఉండేవాళ్లు. కుళాయి రావడం లేదని ఒకరు, పక్కింటివాడు మురుగునీళ్లు మా గుమ్మం ముందుకి వదిలేశాడని ఒకరు, పిల్లాడి పుట్టిన తేదీ తప్పు రాశారని ఒకరు. వీధి దీపం పగలంతా వెలిగి చీకటి పడగానే ఆరిపోతోందని ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు. ఆ దీపం ఎప్పటికీ బాగుపడలేదు, ఆయన రావడమూ మానలేదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు. నేను రైల్వే క్వార్టర్లలో పుట్టి, హిందీ మీడియంలో చదివి, చర్చిలో ఆదివారం బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఆఫీసులో మాత్రం అందరికీ నేను హైదరాబాదీనే. హైదరాబాదు నేను కళ్లతో చూసి ఎరగను. చెప్పి చెప్పి విసుగొచ్చి ఊరుకున్నాను.

ఏడాదికి రెండు మూడుసార్లు మా ఊళ్లో సమస్యల శిబిరం పెట్టేవాళ్లు. స్కూలు ఆవరణలో షామియానా వేసి, బల్లలు వేసి, జనం దగ్గర దరఖాస్తులు తీసుకోవడం. తీసుకున్నవన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కించడం సులువే, మూయడమే కష్టం. ఏ దరఖాస్తునైనా మూయాలంటే, పెట్టుకున్న మనిషి 'నా సమస్య తీరింది, నేను తృప్తి చెందాను' అని సంతకమో వేలిముద్రో వేసిన కాగితం జత చెయ్యాలి. దాన్ని సంతుష్టి పత్రం అనేవాళ్లు. నెలకోసారి జిల్లా మీటింగులో ఏ ఊళ్లో ఎన్ని దరఖాస్తులు మూయకుండా ఉన్నాయో అందరి ముందూ చదివేవాళ్లు. మా ఆఫీసు పెద్ద, అంటే సీఎంఓ సాబ్, అక్కడ నిలబడి చివాట్లు తిని వచ్చేవాడు. వచ్చి వాటిని మాకందరికీ సమానంగా పంచేవాడు.

అలా ఒక నెల చివాట్ల వంతు నాకు కాస్త ఎక్కువే పడింది. ఒళ్లు మండింది. ఆ మంటలోనే నోరు జారాను. సంతకం కోసం తర్వాత వాళ్ల ఇళ్ల చుట్టూ తిరగడం ఎందుకు, దరఖాస్తు ఇచ్చేటప్పుడే తృప్తి కాగితం మీద కూడా వేయించేసి, తేదీ ఖాళీగా ఉంచుకుంటే పోలా, అన్నాను. నిజానికి వెటకారంగా అన్న మాటే. సీఎంఓ సాబ్ బల్ల మీద చేత్తో కొట్టి, హైదరాబాదీ బుర్రంటే ఇదీ, అని నవ్వాడు. సమోసాలు తెప్పించాడు. అందరూ నా భుజం తట్టారు. అప్పుడైనా, అబ్బే ఊరికే అన్నాను సాబ్, అనాలి కదా. అనలేదు. రెండు సమోసాలు తిని, ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

చదువొచ్చిన వాళ్ల దగ్గర ఈ పప్పులు ఉడకవు. వాళ్లు కాగితం తిప్పి చదువుతారు, పని కాకుండానే తృప్తేమిటని నిలదీస్తారు. అందుకని వేలిముద్ర వేసేవాళ్ల దగ్గరే రెండో కాగితం బయటికి తీసేవాణ్ణి. ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే ఏరుకున్నాను.

అలా నేను ఏరుకున్నవాళ్లలో ఒకామె ఉంది. యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడూ పెళ్లాలిద్దరూ పదేళ్ల కిందట మిల్లు కళ్లంలో ఉడకేసిన ధాన్యం ఎండబెట్టే పనికి వచ్చారు. ఆయన పోయాడు, ఆమె ఉండిపోయింది. సొంతూళ్లో వాళ్లకి సెంటు భూమి లేదట. ఇక్కడ మాత్రం కూడబెట్టి, మట్టి గోడలతో పెంకుల కప్పుతో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. నాకు తెలుగు వచ్చని ఎవరో చెప్తే శిబిరంలో లైనంతా వదిలేసి తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది. "బాబూ, నువ్వు మనోడివంట గదా," అంది. ఆ మాటకి నేను పొంగిపోయిన సంగతి కూడా చెప్పాలి. ఆఫీసులో నా తెలుగుతో ఎవరికైనా పని పడటం అదే మొదలు.

ఆమె గోడు ఇదీ. వాళ్ల సందులో పంచాయతీవాళ్లు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు పోశారు. రోడ్డు పైకి లేచింది, ఆమె గడప కిందికి పోయింది. కిందటేడు వానలకి సందులో నీళ్లన్నీ ఆమె ఇంట్లోకి దారి చూసుకున్నాయి. ముందు గోడ అడుగు ఎత్తుదాకా నాని మెత్తబడింది. ఈ వానల్లోపు రోడ్డు పక్కన చిన్న కాలవ తవ్విస్తే ఇల్లు నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది. ఆమె అడిగింది అంతే.

దరఖాస్తు నేనే రాశాను, మంచి హిందీలో. రాసి, తెలుగులో చదివి వినిపించాను. ఆమె కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నా రాతకి నేనే మురిసిపోతూ సిరా డబ్బా ముందుకి జరిపాను. దరఖాస్తు మీద ముద్ర వేసింది. కింద నుంచి రెండో కాగితం లాగాను. "ఇదేటి బాబూ?" అని అడిగింది. "ఆఫీసు కాగితంలే అమ్మా," అన్నాను. మారు మాట్లాడకుండా వేసింది. వేలు చీరకి తుడుచుకుని నాకు దండం పెట్టి వెళ్లింది.

జిల్లా మీటింగుకి ముందు కట్ట విప్పి, ఖాళీలన్నీ తేదీలతో నింపి, ఆమె దరఖాస్తు కూడా మూసేశాను. ఎవరిది మూస్తున్నానో చూసుకునే మూశాను. చూడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆ తర్వాత ఆమె మిల్లు సెలవు రోజున వచ్చేది. కాలవ సంగతి అడిగేది. చూస్తున్నారమ్మా, పైకి రాశామమ్మా, అని నీళ్లు నమిలేవాణ్ణి. ఒకసారి ఊరి నుంచి ఎవరో తెచ్చారని ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి తెచ్చింది. వద్దని ఒక్కసారే అన్నాను, గట్టిగా కూడా అనలేదు. మా ఆవిడ వంకాయలు వేసి వండింది. ఎన్నాళ్లయిందో ఇలాంటి కూర తిని, అనుకుంటూ పళ్లెం ఊడ్చుకుని తిన్నాను. ఛీ, రాస్తుంటేనే చెయ్యి మొరాయిస్తోంది.

ఆషాఢంలో మూడు రోజుల ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఆమె మిల్లులో ఉండగా ముందు గోడ కూలింది, దానితో పాటు కప్పూ దిగింది. మనిషికేమీ కాలేదు. వంట సామాను, బియ్యం డబ్బా, మొగుడి ఫోటో మట్టిలో కలిసిపోయాయి. ఆమె స్కూలు వరండాలో చేరింది. ఆ వార్డు మెంబరుకీ మా సీఎంఓకీ పడదు. అతను జిల్లాకి ఫోన్ చేసి, ముందే దరఖాస్తు పెట్టుకున్నా మీ ఆఫీసు పట్టించుకోలేదని రచ్చ చేశాడు. దాంతో విచారణకి జిల్లా నుంచి ఒక మేడమ్ వచ్చింది.

మేడమ్ మర్యాదస్తురాలు. ఇల్లు పోయినామెని నిలబెట్టకుండా కుర్చీలో కూర్చోబెట్టింది. గదిలో సీఎంఓ సాబ్, మేడమ్, ఆమె, ఆమె మాటలు హిందీలో చెప్పడానికి నేను. మేడమ్ ముందే చెప్పేసింది. దరఖాస్తు తీరకుండా పడి ఉంటే తప్పు ఆఫీసుది, గోడ ఆఫీసే కట్టించాలి, కట్టించేదాకా తాను వదలనంది. అలా చెప్పి ఫైలు తెరిచింది. సీఎంఓ సాబ్ వేలితో ఒక కాగితం చూపించాడు. సమస్య తీరింది, తృప్తి చెందాను. కింద వేలిముద్ర. తేదీ నా చేతిరాత.

ఈ ముద్ర మీదేనా అని మేడమ్ హిందీలో అడిగింది. ఆమె కాగితం వంక చూసి, మేడమ్ వంక చూసి, నా వైపు తిరిగింది.

"ముద్ర నాదే బాబూ. దరకాస్తు ఇచ్చిన్నాడే రెండూ ఏయించినావు గదా. ఆపీసు కాగితమన్నావు. కాలవ తవ్వనేదని సెప్పు ఆవిడికి."

అక్కడ తెలుగు వచ్చింది మా ఇద్దరికే. ఆమె ఇల్లూ నా ఉద్యోగమూ రెండూ ఆ క్షణాన నా నోట్లో ఉన్నాయి. సీఎంఓ సాబ్ నా వంక చూడలేదు, పెన్ను మూత తిప్పుకుంటున్నాడు.

"ముద్ర తనదేనంటోంది మేడమ్," అన్నాను.

"ఇంకేదో కూడా అంది కదా?"

"ఇల్లు పోయిందని బాధపడుతోంది మేడమ్."

మేడమ్ నిట్టూర్చి ఫైలు మూసింది. పని అయిందని మీరే ముద్ర వేశాక ఆఫీసుని నేనేమనగలనమ్మా, అని ఆమెతో మెల్లగా అంది. వానకి పడిన ఇళ్లకి ఇచ్చే సాయానికి తహసీలుకి రాయమని సీఎంఓకి చెప్పింది. అదెంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు. మేడమ్ టీ కూడా తాగకుండా లేచింది.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను, చివరికి వదిలితే చెప్పకుండా తప్పించుకుంటాను. ఆమె ఆ జాగా పక్కింటివాళ్లకి ఇచ్చేసి, నెల తిరక్కుండా మహాసముంద్ వైపు ఇంకో మిల్లుకి వెళ్లిపోయింది. మరుసటేడు ఆ సందులో కాలవ తవ్వారు. రెండో కాగితం అలవాటు నేను ఇంకో శాఖకి మారేదాకా సాగింది. ఆపమని నేను ఒక్కనాడూ అనలేదు. దరఖాస్తులు త్వరగా తేల్చినందుకు జనవరి ఇరవై ఆరున జెండా కింద నిలబెట్టి నాకు ప్రశంసా పత్రం ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. తీసుకున్నాను. అది ఎక్కడ పెట్టానో నాకు తెలుసు, మా ఆవిడకి తెలియదు.

ఆ రోజు మేడమ్ గది దాటి బయటికి వెళ్లాక, ఆమె కూడా లేచి వరండాలోకి వచ్చింది. ఆమె వెనకే నేను. మొహం ఎలా చూపించాలో తెలియక గోడకున్న నోటీసులు చూస్తూ నిలబడ్డాను. మేడమ్ ఏమన్నదో చెప్పాలి కదా అని, పైవాళ్లకి రాస్తామన్నారమ్మా, నువ్వేం దిగులు పెట్టుకోకు, అన్నాను. అంతా అయ్యాక కూడా ఇంకో అబద్ధం. నాకేమీ కష్టం కూడా అనిపించలేదు.

ఆమె చెంగు భుజం మీదికి లాక్కుంది. గొంతు కూడా పెంచలేదు.

"ఆవిడన్నది నాకు తెలిసింది బాబూ. పదేళ్లు మిల్లులో పన్జేసినాను, ఆ మాత్తరం ఇందీ తెల్దేటి? నువ్వన్నదీ తెలిసింది."

ఎప్పుడూ నాతో తెలుగే మాట్లాడుతుంది కాబట్టి ఆమెకి హిందీ రాదని నా అంతట నేనే అనుకున్నాను. మరి అక్కడే ఎందుకు చెప్పలేదమ్మా, అని అడిగాను. ఆ అడగడానికైనా నోరెలా వచ్చిందో.

"సెప్తే నీ ఉజ్జోగం పోదేటి? పిల్లలున్నోడివి. నాకు ఇల్లే గదా పోనాది."

మేడమ్ జీపు ఇంకా గేటు దగ్గరే ఉంది. డ్రైవరు అద్దం మీద నీళ్లు తుడుస్తున్నాడు. మేడమ్ ఫోన్లో మాట్లాడుతూ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇరవై అడుగులు వేస్తే చాలు, ఉన్నదున్నట్టు చెప్పేయొచ్చు. పోనీ అది చేతకాకపోతే, కనీసం ఈమె కాళ్ల మీద పడి తప్పయిపోయిందమ్మా అనొచ్చు. ఆమె వెళ్లకుండా నా ముందే నిలబడి ఉంది.

"నా బస్సుకి టైమైందమ్మా," అన్నాను.