ఎందుకమ్మగారి చిటికెన వేలు

మా ఆరోగ్య కేంద్రంలో పెద్ద నర్సుగారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఏ సంగతి విన్నా "ఎందుకు?" అని ఐదుసార్లు అడగనిదే ఊరుకోదు. నాలుగు కాదు, ఆరు కాదు, ఐదు. మొదటి ఎందుకుకి బొటనవేలు మడుస్తుంది, రెండోదానికి చూపుడువేలు, అలా చిటికెన వేలు కూడా ముడుచుకుని పిడికిలి బిగిసేదాకా ఎదుటివాడికి మోక్షం లేదు. సిబ్బంది ఆవిడకి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టుకున్నారు. ఆవిడకీ తెలుసు. ఆ పేరు ఎందుకు పెట్టారో ఐదుసార్లు అడిగి మరీ తెలుసుకుంది.

నేను కాలు నిలవని మనిషిని. పదమూడు ఊళ్లు తిరిగాను, పదకొండు ఉద్యోగాలు చేశాను. ఓడరేవులో సరుకు చీటీలు రాశాను. అచ్చాఫీసులో తప్పులు దిద్దాను. ఒక లైబ్రరీలో పుస్తకాలు సర్దమంటే చదువుతూ కూర్చుని, పొమ్మనిపించుకున్నాను. ప్లీడర్ల అడ్డప్రశ్నలు విన్నాను, తత్వవేత్తల పుస్తకాలూ తిరగేశాను. ప్రశ్న వెయ్యడంలో వాళ్లంతా ఎందుకమ్మ దగ్గర ఓనమాలు దిద్దుకోవాలి. అరవై దాటాక ఈ కేంద్రంలో ఫైళ్ల గుమాస్తాగా చేరాను. రోగుల ఫైళ్లు కూడా జీవితచరిత్రలే, కాకపోతే చేతిరాత బాగుండదు. సరే, దారి తప్పాను.

ఈ విద్య ఆవిడకి మూడు రోజుల శిక్షణలో అబ్బింది. మిగతావాళ్లు అక్కణ్ణుంచి సంచీ, పెన్నూ తెచ్చుకున్నారు. ఈవిడ ఐదు ఎందుకులూ, ఒక చుక్కల పటమూ తెచ్చుకుంది. రోగులు ఎంతసేపు కూర్చోవలసి వస్తోందో రోజూ గడియారం పెట్టి చూసి, గీతల కాగితం మీద ఒక చుక్క పెట్టేది. ఆ కాగితాన్ని నా బల్లకి ఎదురుగోడ మీద అంటించింది. నేను ప్రతి పొద్దునా కుర్చీలోంచే మెచ్చుకునేవాణ్ణి.

"కిందికి దిగుతోంది సిస్టర్. బాగుంది."

ఆవిడ ముఖం వెలిగిపోయేది.

ఇంట్లోనూ ఇదే వరస. ఆవిడ భర్త రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది గనక ఆయనా నేనూ ఒకరికొకరం బావగార్లం. ఒకరోజు నా దగ్గర వాపోయాడు.

"టీలో చక్కెర తక్కువైందన్నాను బావగారూ, అంతే నేను చేసిన పాపం. నాలుగు వేళ్లు మడిచింది. ఐదో వేలికి తేలిందేమిటంటే, చక్కెర డబ్బా మూత రాకుండా బిగించింది నేనేనట."

"మరిప్పుడు?"

"చక్కెర లేకుండానే తాగుతున్నాను. అదే ప్రశాంతంగా ఉంది."

అలాగని ఆవిడ విద్యని తీసిపారెయ్యడానికి లేదు. ఒకసారి టీకాల రోజున తల్లులు పిల్లల్నెత్తుకుని యాభయ్యేసి నిమిషాలు కూర్చుంటున్నారు. మా డాక్టరు కుర్రవాడు, మంచివాడు, తొందరెక్కువ. ఆవిడ ఆయన గదిలోకి వెళ్లి బొటనవేలు మడిచింది.

"ఎందుకంతసేపు కూర్చుంటున్నారు డాక్టర్ గారూ?"

"బరువు చూడ్డానికి మేడ మీదికి వెళ్లి రావాలి కదా సిస్టర్."

"తూకం యంత్రం మేడ మీద ఎందుకుంది?"

"కింద ప్లగ్గు ఖాళీ లేదు."

"ఎందుకు లేదు?"

"నా ఫ్యాను పెట్టుకున్నాను."

"ఫ్యాను ఎందుకు?"

"కిటికీ తెరుచుకోదు. ఉక్కపోత."

"ఎందుకు తెరుచుకోదు?"

అది ఆయనకీ తెలియదు. ఇద్దరూ వెళ్లి చూశారు. ఏనాడో ఎవరో క్యాలెండరు తగిలించడానికి కొట్టిన మేకు కిటికీ రెక్కని దాటి చట్రంలోకి దిగిపోయి ఉంది. మేకు పీకారు. కిటికీ తెరుచుకుంది, ఫ్యాను ఆగింది, ప్లగ్గు ఖాళీ అయింది, తూకం మేడ దిగింది. యాభై నిమిషాలు ఇరవై అయ్యాయి. క్యాలెండరు మాత్రం దిక్కులేనిదై నా బల్ల కిందికి చేరింది.

ఇక నా సంగతి. ఒక గురువారం బస్సు డ్రైవరు వస్తే వేరే మనిషి ఫైలు తీసిచ్చాను. డాక్టరు అందులో చూసి షుగరు మాత్రలు రాసేశాడు. మందుల కిటికీ దగ్గర కాంపౌండరు, "నీకు షుగర్ ఎప్పణ్ణుంచీ?" అని అడగబట్టి సరిపోయింది.

"నాకు లేదే. నడుం నొప్పికి వచ్చాను" అన్నాడట డ్రైవరు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ నెలలో అది మూడోసారి. శనివారం మీటింగులో డాక్టరు గొంతు పెంచకుండానే, "ఇలాగైతే గుమాస్తాని మార్చాలి" అన్నాడు. పదమూడు ఊళ్లు నవ్వుతూ వదిలినవాణ్ణి. ఇది వదలబుద్ధి కాలేదు. నన్ను దూరంనుంచి చూడగానే గ్లాసు కడిగే టీకొట్టాయన ఉన్నాడిక్కడ. పుస్తకాలు పట్టిన గది ఉంది.

"ఒక్క నిమిషం డాక్టర్ గారూ" అంది ఎందుకమ్మ. నా వైపు తిరిగింది. బొటనవేలు ముడుచుకుంది.

"ఆ ఫైలే ఎందుకిచ్చారు అన్నయ్యగారూ?"

"అంకె పొరపాటు పడ్డాను. మూడు ఎనిమిదిలా కనబడింది."

"ఎందుకలా కనబడింది?"

"పెన్సిలుతో సన్నగా రాసుంది."

"వెలుతుర్లో చూడొచ్చుగా. ఎందుకు చూడలేదు?"

"నా మూలకి వెలుతురు రాదు."

"ఎందుకు రాదు?"

"కిటికీకి బీరువా అడ్డం."

నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. చిటికెన వేలు ఒక్కటే నిటారుగా నిలబడింది. ఐదోది ఏమిటో నాకు తెలుసు. నా ముందు పనిచేసినాయనా ఆ మూలే, ఆ బీరువా పక్కనే కూర్చున్నాడు. ఆయనకి కనబడ్డ అంకె నాకెందుకు కనబడలేదు? జవాబు కూడా తెలుసు. ఉద్యోగానికి చూపు బాగుండాలన్నారు. కంటి పరీక్ష రోజున వరసలో నా ముందున్నవాళ్లు చదువుతుంటే అట్టమీది అక్షరాలన్నీ విని బట్టీపట్టి, గడగడా అప్పజెప్పేశాను.

ఆవిడ నన్ను చూసింది. తన వేలిని చూసుకుంది. చెయ్యి కొంగులో దాచేసుకుంది.

"సరే, బీరువా జరుపుదాం. ఫైళ్ల మీద అంకెలు సిరాతో లావుగా రాద్దాం. ఫైలిచ్చే ముందు పేరడిగి సరిచూద్దాం. రెండు వారాలు చేసి చూసి, అప్పుడు మాట్లాడుకుందాం డాక్టర్ గారూ."

"ఇంకోటి మిగిలిందమ్మా" అన్నాడు కాంపౌండరు.

"నాలుగు చాలు."

"ఒంట్లో బాగుందా సిస్టర్?" అన్నాడు డాక్టరు. ఆయన చెయ్యి అప్పటికే థర్మామీటరు మీద ఉంది.

సోమవారం గోడ మీద కొత్త నోటీసు: సిబ్బంది అందరికీ కంటి పరీక్ష, డాక్టరుగారితో మొదలు. అట్ట కూడా కొత్తదే. నా బట్టీ ఎందుకూ పనికిరాలేదు. నాలుగో వరస దగ్గర డాక్టరూ తడబడ్డాడు, ఐదోదాని దగ్గర కాంపౌండరూ తడబడ్డాడు. నేను రెండోదాని దగ్గరే ఆగిపోయాను. ఎందుకమ్మ ముగ్గుర్నీ ఒకే చీటీతో కళ్లద్దాల కొట్టుకి పంపింది. ముగ్గురం కళ్లద్దాలతో తిరిగొచ్చాం. నన్ను ప్రత్యేకంగా ఎవరూ చూడలేదు, ఎవరి అద్దాల గోల వాళ్లది.

రెండు వారాల్లో ఒక్క ఫైలూ మారలేదు. గుమాస్తాని మార్చే మాట డాక్టరు మళ్లీ ఎత్తలేదు. అప్పుడు ధైర్యం చేసి ఆవిణ్ణి అడిగాను.

"ఆ రోజు ఐదోది ఎందుకు అడగలేదు సిస్టర్?"

"జవాబు నాకు తెలుసు గనక."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"బీరువా జరిపాక చెప్పాల్సిన సంగతి అది. ముందే చెబితే మీరు పోయేవారు, బీరువా అక్కడే ఉండేది."

"అసలు మీకెలా తెలిసింది?"

ఆవిడ నవ్వాపుకుంటూ ఎదురుగోడ చూపించింది.

"చుక్కల పటం మళ్లీ గీద్దామని నెల కింద తీసేశాను అన్నయ్యగారూ. మీరు మాత్రం రోజూ మెచ్చుకుంటూనే ఉన్నారు. అది గోడకి పట్టిన చెమ్మ."

ఫైళ్లకి తప్ప పెట్టుకోని కొత్త అద్దాలు పెట్టుకుని చూశాను. కప్పు దగ్గర మొదలై చక్కగా కిందికే దిగుతోంది. నేను అబద్ధమేమీ చెప్పలేదు.

ఆవిడ కూడా దాని వంక చూస్తూ నిలబడిపోయింది.

"అవునూ, చెమ్మ ఎందుకు పట్టిందంటారు?" అంటూ బొటనవేలు మడిచింది.