పేరు కొట్టించిన పద్నాలుగు డబ్బాలు

ఇంట్లో సామాను తగ్గించాలని నేను పూనుకున్న ముప్పై రోజుల్లో నా మంచం, నా ఫ్యాను, నా కిటికీ, మూడూ నా చేతుల్లోంచి జారిపోయాయి. దొంగలెవరూ పడలేదు. అంతా నేనే నా చేతులతో, నా తెలివితో చేసుకున్నాను. తారీఖులతో సహా రాస్తున్నాను, ఎందుకంటే తారీఖు లేని మాటను నేను నమ్మను. పోయినేడాది సంగతి ఇది. అప్పటికి నాకు అరవై ఏడేళ్లే. చిన్నతనం.

మన్యం ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. నర్సీపట్నంలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. హాస్టల్లో ప్రతి కంచానికీ, ప్రతి గ్లాసుకూ స్టాకు రిజిస్టరులో ఒక నంబరు ఉండేది. ఇంటికొచ్చాక కూడా నాకు ఆ జబ్బు తగ్గలేదు. గరిటెలు ఎన్నో, దిండు గలీబులు ఎన్నో నిద్రలో అడిగినా చెబుతాను.

విచిత్రం ఏమిటంటే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకున్నవి పన్నెండు చీరలు. ఎక్కడికీ కట్టుకెళ్లే పని లేకుండా పోయాక జనం నాకు చీరలు పెట్టడం మొదలెట్టారు. రిటైర్మెంటు రోజున చీర. నా దగ్గర చదివిన పిల్ల పెళ్లికి చీర. ఆ పిల్ల సీమంతానికి చీర. నేను వెళ్లకపోతే ఇంటికే పంపించేవారు. చూస్తుండగానే రెండో గది బట్టల కొట్టులా తయారైంది.

మార్చి మూడు, సోమవారం, మాకవరపాలెం నుంచి మా అప్ప ఫోను చేసింది. అప్ప అంటే మా అక్క, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆవిడ అద్దెకుంటున్న ఇంటిని పడగొట్టి మేడ కడతారట.

"సెల్లీ, నీ కాడికి వొచ్చీమంటావేటి?" అంది.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నాను. పొద్దున్న కాఫీ తాగుతూ దెబ్బలాడుకోవడానికి ఒక మనిషి కావాలి కదండీ.

"రా అప్పా, రెండో గది నీదే."

"ఆ గదిలో గోడలు అగుపడతాయా?"

"నువ్వొచ్చే సరికి నాలుగూ కనపడతాయి."

"అగుపడకపోతే ఆటో దిగను. అటునుంచటే కోటవురట్లలో మా ఆడపడుసు ఇంటికెల్లిపోతాను. ఆవిడ ఎప్పట్నుంచో రమ్మంతంది."

ఏప్రిల్ రెండున వస్తానని చెప్పి పెట్టేసింది. మా అప్ప ఉత్తినే బెదిరించే మనిషి కాదు. నేను రిజిస్టరు తీసి కొత్త పేజీలో 'వెళ్లవలసినవి' అని రాసి కింద గీత గీశాను. కట్టుకునే పన్నెండూ పోగా చీరలు నలభై రెండు.

మా వీధిలోకి బుధవారం, శుక్రవారం పైడమ్మ వస్తుంది. నెత్తి మీద గంపలో స్టీలు సామాను, చంకలో పాత బట్టల మూట. బట్టలిస్తే స్టీలు ఇస్తుంది. ఆ బుధవారం ఆమెను పిలిచి గదిలో కూర్చోబెట్టాను.

"చీరలన్నీ పట్టుకెళ్లు. నాకేమీ వద్దు."

పైడమ్మ నన్ను అనుమానంగా చూసింది. "ఏటమ్మా అలగంతావు. ఉత్తినే తీసుకుంటే నాకు యాపారం అచ్చొస్తాదా? సీరలు మంచియ్యే. నాలుక్కి ఒక డబ్బా ఇస్తాను."

నేను వద్దనవలసింది. అక్కడే ఆగిపోవలసింది. కానీ బేరం చెవిన పడితే నాలోని వార్డెను లేచి కూర్చుంటుంది.

"నాలుగా? మూడుకి ఒకటి."

"ఓలమ్మ, మునిగిపోతాను."

"ఇది అంచు చూడు, ఒక్కసారే కట్టాను. మూడుకే."

అరగంట వాదించి గెలిచాను. నలభై రెండుని మూడుతో భాగిస్తే పద్నాలుగు. పద్నాలుగు మూత డబ్బాలు, ఒక్కొక్కటి చిన్న గుమ్మడికాయంత. పైడమ్మ వెళ్లాక వాటిని గదిలో వరసగా పేర్చి చూసుకుంటే అప్పుడు తెలిసింది. చీర మడత పెడితే నాలుగు వేళ్ల మందం. డబ్బాని ఎంత మడిచినా డబ్బాయే.

తెలివైన మనిషైతే అప్పటికైనా ఆలోచించేది. నేనేం చేశానో తెలుసా? మర్నాడు పొద్దున్నే రిక్షాలో వేసుకుని బజారుకెళ్లి, పద్నాలుగు డబ్బాల మీదా నా పేరు కొట్టించాను. 'సుభద్రమ్మ, వార్డెన్' అని, కింద ఒకటి నుంచి పద్నాలుగు వరకు నంబర్లు. ఎందుకంటే ఏం చెప్పను? హాస్టల్లో కొత్త గిన్నె వస్తే పేరు కొట్టించకుండా వంటగదిలోకి రానిచ్చేదాన్ని కాను. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది.

ఇక వీటిని వదిలించుకోవాలి. ఉత్త డబ్బా ఇస్తే జనం ఏమనుకుంటారో అని సున్నుండలు చేశాను. పద్నాలుగు డబ్బాల్లో పదేసి చొప్పున నూట నలభై. వీధిలో పద్నాలుగు ఇళ్లకు నేనే మోసుకెళ్లి ఇచ్చాను. ప్రతి గుమ్మంలోనూ, "డబ్బా కూడా ఉంచేసుకోండి" అని స్పష్టంగా చెప్పాను. ఆ సాయంత్రం రిజిస్టరులో పద్నాలుగూ కొట్టేసి, గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసుకున్నాను. సున్నం రంగు కూడా మరిచిపోయాను సుమండీ, లేత ఆకుపచ్చ.

మూడో రోజు ఎదురింటి రమణమ్మగారు వచ్చారు, చేతిలో నా ఏడో నంబరు డబ్బా.

"సున్నుండలు బాగున్నాయండీ. ఇదిగో మీ డబ్బా."

"ఉంచుకోమన్నాను కదండీ."

"మీరంటారు, మేం ఉంచీసుకుంటామేటి? మీ పేరుంది, మీ నంబరుంది. రేపు మా యింట్లో ఎవులైనా సూస్తే వార్డెనమ్మగారి డబ్బా ఎత్తుకొచ్చీసినామనుకోరా?"

డబ్బా బరువుగా ఉంది. మూత తీశాను. బెల్లం.

"ఇదేమిటి?"

"ఒట్టి డబ్బా ఎలగ తెస్తామండీ" అన్నారావిడ, నేనేదో అప్రాచ్యపు ప్రశ్న అడిగినట్టు.

తినుబండారం వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. ఇది నాకు తెలియని సంగతా? నేనే జన్మలో ఎప్పుడూ పంపలేదు. కానీ ఆ మర్యాద నా మీదకే పద్నాలుగు వైపుల నుంచి దండెత్తి వస్తుందని లెక్క కట్టలేదు. లెక్కలు నాకు చెయ్యి తిరిగిన విద్యంటారు అందరూ.

ఆపైన వారం రోజులు కాలింగ్ బెల్లు ఆగలేదు. జీడితోట ఉన్నవాళ్లు జీడిపప్పు, చెరకున్న వాళ్లు బెల్లం, కొండ మీద చుట్టాలున్న వాళ్లు చింతపండు. కొంతమంది పెద్ద మనసుకు నా డబ్బా చాలలేదు. తొమ్మిది ఇళ్ల నుంచి నా డబ్బాతో పాటు వాళ్ల గిన్నె కూడా వచ్చింది. ఆ గిన్నెలు తిరిగివ్వాలి. ఒట్టివి ఎలాగ ఇస్తాను? గారెలకు మినుములు నానబెట్టాను. గారెలతో వెళ్లిన గిన్నెలు తొమ్మిదీ మళ్లీ నిండుగా తిరిగొచ్చాయి.

అరిసెలు చేసినా బెల్లం తరగలేదు. నిల్వ చేద్దామని ఆరు పెద్ద సీసాలు కొన్నాను. సామాను తగ్గించడానికి సామాను కొన్న మనిషిని మీరెవరైనా చూశారా? చూడకపోతే మా వీధికి రండి.

మార్చి ఇరవై ఎనిమిది, శుక్రవారం, గుమ్మంలో కాపు కాసి పైడమ్మను పట్టుకున్నాను. టీ ఇచ్చి, గారెలు పెట్టి, నెమ్మదిగా అన్నాను.

"ఈ డబ్బాలు వెనక్కి తీసుకో పైడమ్మా. చీరలక్కర్లేదు. బేగి పట్టుకుపో."

పైడమ్మ ఒక డబ్బా ఎత్తి, అక్షరాలను వేలితో రుద్ది చూసింది. "పేరు కొట్టించీసినావేటమ్మా?"

"కొట్టించాను."

"అన్నిట్నీనా?"

"నంబర్లతో."

"మరింకెవులు కొంటారు? నీ పేరున్న డబ్బా అట్టుకుని ఎవుల కూతురు కాపరానికెల్తాది?" అని గంప ఎత్తుకుంది. రెండడుగులు వేసి వెనక్కొచ్చింది. "శుక్రోరం పూట ఉత్తినే తిని ఎల్లిపోకూడదు" అంటూ ఒక ఎర్ర ప్లాస్టిక్ టబ్బు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

ఏప్రిల్ రెండు, బుధవారం, పదకొండు గంటలకు అప్ప ఆటో వచ్చి ఆగింది. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, అంతే. దిగకుండా అడిగింది.

"గోడలు అగుపడతన్నాయా?"

"ముందు దిగు, కాఫీ తాగుదువు గాని."

దిగింది గానీ కాఫీకి కాదు. తిన్నగా రెండో గది తలుపు తోసింది. లోపల డబ్బాలు, గిన్నెలు, సీసాలు, టబ్బు నిండా చింతపండు.

"ఏటే ఇది? గదా, కొట్టా?"

నేను రిజిస్టరు తెరిచాను. "సామాను తగ్గించాను అప్పా. బయటికి పోయినవి నలభై రెండు. లోపలికి వచ్చినవి డబ్బాలు పద్నాలుగు, గిన్నెలు తొమ్మిది, సీసాలు ఆరు, టబ్బు ఒకటి. మొత్తం ముప్పై. అంటే పన్నెండు తక్కువే."

"తగ్గించీసినాకే ఇంతుందా?" అని ఆటో వైపు తిరిగింది. "బాబూ, పెట్టి దింపకు. కోటవురట్ల పోనీ."

ఈ ముప్పై రోజులూ ఎవరి కోసం పడ్డానో ఆ మనిషి మళ్లీ ఆటో ఎక్కబోతోంది. చెయ్యి పట్టుకున్నాను.

"నా గది నువ్వు తీసుకో అప్పా. కిటికీ ఉంది, ఫ్యాను బాగా తిరుగుతుంది."

"మరి నువ్వు?"

"నేను డబ్బాలతో సర్దుకుంటాను."

అప్ప నా గదిలోకి వెళ్లింది. ఫ్యాను వేసి చూసింది. నా మంచం మీద కూర్చుని రెండుసార్లు ఊగి చూసింది. "పరుపు కూడా మెత్తగుంది. ఆ పెట్టి దింపించీయే" అంది.

అప్పటినుంచి నా పడక బెల్లానికీ చింతపండుకీ మధ్యన. పక్క మీద నాకంటే చీమలకు ఎక్కువ చోటు. కానీ పొద్దున్న కాఫీ దగ్గర దెబ్బలాట నిత్యం జరుగుతోంది, అందులో లోటు లేదు.

అందుచేత చదువరులారా, రిజిస్టరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకపై నా ఇంటి గుమ్మం దాటి ఒక్క చెంచా కూడా బయటికి పోదు. నా చేతి సున్నుండలు కావలసిన వాళ్లు మా ఇంటికే వచ్చి తిని, ఇక్కడే చేతులు కడుక్కుని, ఖాళీ చేతులతో వెళ్లాలి. ఈ ప్రమాణం కింద నేను సంతకం చేశాను. సాక్షి సంతకం అప్ప చేసింది, తన మంచం మీంచి, అంటే నా మంచం మీంచి, లేవకుండానే.